లక్ష గురూజీ, పదహారు వేల గురూజీ

నా కొట్టు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో పంచాయత్ సమితి ఆఫీసుకి ఎదురుగా ఉంటుంది. జిరాక్సు, ప్రింటు, ఆన్‌లైన్ ఫారాలు, పాస్‌పోర్టు ఫొటోలు. పోయిన నెల ఒక సాయంత్రం అక్కడ చిన్న గొడవైంది. గొడవంటే చొక్కాలు పట్టుకోలేదు, మాటా మాటా అనుకున్నారు. ఒక గురూజీ తన జీతం చీటీ ప్రింటు తీయించుకుంటున్నాడు. (మా దగ్గర టీచర్ని గురూజీ అంటారు. మరాఠీ అలవాటు, తెలుగు ఇళ్లల్లోనూ అదే మాట.) వెనక సాత్‌బారా ఉతారా (పొలం పత్రం) కోసం వచ్చిన ఒక రైతు నిలబడి ఉన్నాడు. కాగితం ప్రింటర్లోంచి సగం బయటికి రాగానే మెడ సాచి కింది అంకె చదివేశాడు.

"లచ్చకు మీద! పదింటికి వోవుడు, అయిదింటికి వచ్చుడు. ఎండల మిరపకాయ ఏరేటోళ్లకు గిట్ల ఇయ్యరు మరి."

"ఇరవై ఏడేండ్ల సర్వీసు నాది" అన్నాడు గురూజీ.

"మిరపచేన్ల నాది నలభై ఏండ్లు."

గురూజీ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, పది రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వీళ్లిద్దరి వెనక ఇంకొక కుర్రాడు నిలబడి ఉన్నాడు. మా మేడ మీద గదిలో అద్దెకుంటాడు, అతనూ గురూజీయే. బీడ్ జిల్లా వాడు, ఊరికి పోవాలంటే ఒక రాత్రీ ఒక పగలూ పడుతుంది. అతని చీటీ కూడా తీశాను. 16,000లో వృత్తి పన్ను 200 పోగా 15,800. రైతు ఆ కాగితం వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమనేవాడో.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టేవాళ్లు తిట్టుకోవచ్చు. మహారాష్ట్రలో పూర్తి స్కేలు వచ్చే జిల్లా పరిషత్ గురూజీకి తక్కువ జీతం అందుతోందంటే నేను ఒప్పుకోను. మూల వేతనం 29,200 దగ్గర మొదలై 92,300 దాకా పోయే స్కేలది. పైన కరువు భత్యం, ఇంటి అద్దె. సిరొంచలో ఆ డబ్బుతో ఇల్లు కట్టుకోవచ్చు, పిల్లల్ని నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో చదివించుకోవచ్చు. అది న్యాయమైన జీతమే. మా చెల్లె గురూజీయే, ఆమె ముందు కూడా ఇదే అంటాను, అని రెండు పూటలు అన్నం లేకుండా ఉన్నాను కూడా. అన్యాయం ఎక్కడుందంటే, ఆ వరుసలో రెండో చీటీలో ఉంది. ఇద్దరివీ ఒకే ఒకటో తరగతి, ఒకే బాలభారతి పుస్తకం. జీతం ఆరింట ఒక వంతు. అంతకన్నా ముఖ్యం, ఆ ఆరో వంతు మనిషినే ఏరికోరి అతి కష్టమైన బడికి పంపుతారు. పాతవాళ్లు బదిలీ మీద రోడ్డు పక్క ఊళ్లకు చేరతారు. కొత్తగా వచ్చినవాడికి మిగిలేది వాగు అవతలి బడి.

ఈ పద్ధతి పేరు శిక్షణ సేవక్. 2000లో మొదలైంది. డీఎడ్ పాసైన మనిషిని నేరుగా గురూజీ అనకుండా మూడేళ్లు సేవక్ అంటారు. సేవక్‌కి ఇచ్చేదాన్ని జీతం అనరు, మానధన్ అంటారు. మానం నిలబడేంత ధనమైతే ఏనాడూ కాదు. మా చెల్లె 2010లో చేరింది, ఏటపల్లి వైపు. నెలకు 3,000. ఆమె నియామకపు కాగితం చూసి మా నాన్న వీధి వీధంతా పేడాలు పంచాడు. తర్వాత నెల నుంచి సిరొంచ బస్టాండులో ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సు కండక్టరుకి బియ్యం మూట అప్పజెప్పేవాడు, పైన రెండు మూడు వందలు కవర్లో పెట్టి. నాలుగో నెలకే ఆయన అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం: "ఉద్యోగం దానికొచ్చిందా, నాకొచ్చిందా?"

ఆమె సేవ సగంలో ఉండగా ఆ మూడు వేలు ఆరు వేలైంది. ఆ ఆరు వేలు ఎప్పటిదాకా ఉందనుకున్నారు? 2022 డిసెంబరు దాకా. 2023 జనవరి 1 నుంచి 16,000 చేశారు. ప్రాథమిక స్థాయికి 16,000, మాధ్యమికానికి 18,000, ఆ పై తరగతులకు 20,000. మధ్యలో పదేళ్లకు పైగా పెట్రోలు, నూనె, గ్యాసు బండ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాయో మీకు తెలుసు. ఆ మూడేళ్లకి ఇంక్రిమెంటు కూడా లెక్కలోకి రాదు.

గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, తెలంగాణ. మా చుట్టాలు సగంమంది అటే. 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన మా మేనత్త మనవరాలు అక్కడ సెకండరీ గ్రేడ్ టీచరు. చేరిన మొదటి నెల నుంచే మూల వేతనం 31,040, దాని మీద కరువు భత్యం. వయసు, చదువు, పని ఆమెవీ మా అద్దె కుర్రాడివీ ఒకటే. అతనికి ఈ సంగతి చెప్పినప్పుడు కాసేపు నీళ్ల వైపు చూసి, "ఇదే నది కదా అన్నా" అన్నాడు.

అటువైపు వాళ్లు మరీ పుణ్యాత్ములని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ బ్యాచిలవాళ్లని రిటైరయ్యాక కూడా '398 టీచర్లు' అనే పిలుస్తున్నారు. మనిషికి జీతమే ఇంటిపేరైపోయింది. తర్వాత అప్రెంటిస్ అన్నారు, విద్యా వాలంటీర్ అన్నారు. సేవక్, సహాయక్, వాలంటీర్, అతిథి. టీచరు అన్న ఒక్క మాట తప్పించడానికి మన ప్రభుత్వాలు నిఘంటువంతా వెతుకుతాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో దాదాపు ఇదే అంది. సభల్లో గురుబ్రహ్మ శ్లోకం చదివితే చాలదు, మనం వాళ్లను ఎట్లా చూస్తున్నామో అందులో అది కనిపించాలని. వాళ్లకు నెలకు 30,000 ఇస్తుంటే అదే పని చేసే రెగ్యులర్ వాళ్లకు లక్ష పైన అందుతోంది. కాలేజీ అయినా బడి అయినా లెక్క మారదు.

నాకు మరీ ఒళ్లు మండిన సంగతి ఇంకోటుంది. 2023 జులైలో ఖాళీలు పూడ్చడానికి మహారాష్ట్ర ప్రభుత్వం రిటైరైన గురూజీలను 70 ఏళ్ల వయసు దాకా కాంట్రాక్టు మీద పెట్టుకోవచ్చంది. నెలకు 20,000. అప్పటికే పెన్షన్ వస్తున్న మనిషికి 20,000, కొత్తగా వచ్చి ఇల్లూ వాకిలీ లేని కుర్రాడికి 16,000. రిటైరైనవాళ్ల మీద నాకేం కోపం లేదు, నాకు చదువు చెప్పినవాళ్లు వాళ్లే. కానీ ఈ రెండు అంకెలూ ఒకే ఖాతాలోవే, పక్కపక్కనే రాసుకుని చూడాలని ఎవరికీ తోచలేదా?

ఇక "పదింటికి వోవుడు, అయిదింటికి వచ్చుడు" సంగతి. ఇది మా ఊళ్లో అందరూ అనే మాటే, నేనూ అనేవాణ్ణి. పోయినేడు పిల్లల ఆధార్ అప్‌డేట్ కోసం కిట్టు పట్టుకుని మా అద్దె కుర్రాడి బడికి వెళ్లేదాకా.

22 మంది పిల్లలు. నలుగురైదుగురు తప్ప అందరివీ తెలుగిళ్లు, మిగతావి మాడియా గోండులవి. బడి మరాఠీ మీడియం. గురూజీ ఇంటి భాష మరాఠీ. నేను మూల కూర్చుని వైర్లు సర్దుకుంటున్నాను. అతను గోడ మీది బొమ్మ చూపించి "భింతీవర్ పాల్" అన్నాడు. మరాఠీలో పాల్ అంటే బల్లి. గోడ మీద బల్లి. ఒకటో తరగతి పిల్లలు గోడ వైపు చూశారు, ఒకడు లేచి తడిమి కూడా చూశాడు. పాలు ఎక్కడా కనబడలేదు. గురూజీ ఒక్క క్షణం ఆగాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి తిరగేసి, "బల్లి. బ-ల్లి" అన్నాడు. పిల్లలంతా ఒక్కసారిగా "ఓఓ, బల్లి!" అన్నారు. బల్లి కోసం మళ్లీ గోడంతా వెతికారు.

తర్వాత లెక్కలు. ఒక పాపని నలభై ఏడు రాయమన్నాడు, మరాఠీలో, "సత్తేచాళీస్". ఆ మాటలో ఏడు ముందొస్తుంది, నలభై తర్వాత. పాప విన్నది విన్నట్టే ఏడు ముందు పెట్టి 74 రాసింది. 2019లో బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో 'చాళీస్ సాత్' పద్ధతిలో, అంటే పదులు ముందు ఒకట్లు తర్వాత చదవమన్నప్పుడు రాష్ట్రమంతా గోల చేసింది, మరాఠీని పాడుచేస్తున్నారని. అసెంబ్లీలో దాని మీద జోకులు కూడా పేలాయి. సిరొంచ పిల్లకి అది కొత్త పద్ధతేం కాదు, వాళ్లమ్మ కొట్లో లెక్క పెట్టే పద్ధతి. నలభై ఏడు. గురూజీకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. డీఎడ్‌లో చెప్పలేదు, ఇక్కడికి పంపినప్పుడూ చెప్పలేదు. అతనంతట అతనే మూడో నెలలో పట్టుకున్నాడు. ఇప్పుడు ముందు తెలుగులో "నలభై ఏడు" అని, 47 రాయించి, ఆ తర్వాతే "సత్తేచాళీస్" అంటాడు.

ఒక్క పూటలో నేను చూసింది ఇది. "నీట్ లిహా" అంటే సరిగ్గా రాయి అని. మొదట్లో ఒక పిల్లవాడు "నీళ్లల్లనా సార్?" అని అడిగాడట. మరాఠీ పిల్లలకు మరాఠీలో చెప్పే గురూజీ చేసేది ఒక పని. ఇతను చేసేది రెండు పనులు, చదువు చెప్పడం, ఆ చదువుకి ముందుగా ఒక దారి వెయ్యడం. రెండో పనికి ఏ చీటీలోనూ గడి లేదు. ఆ పనికి ఎవరు పనికొస్తారని నన్నడిగితే, పదిహేనేళ్లు ఇక్కడే ఉండి, తెలుగూ మాడియా వచ్చిన గురూజీ, కాస్త ఎక్కువ జీతం మీద, అంటాను. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు.

అట్లాగని ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని అస్సలు పట్టించుకోలేదనడం తప్పు. నక్సల్ ప్రభావిత, ఆదివాసీ ప్రాంతాల్లో పనిచేసే ఉద్యోగులకు 2002 నాటి ఉత్తర్వు ప్రకారం ప్రోత్సాహక భత్యం ఉంది. మూల వేతనంలో 15 శాతం. వినడానికి బాగుంది. అయితే 1,500 రూపాయలు దాటకూడదు. ఇప్పటి స్కేళ్లలో 15 శాతం కడితే చేరిన మొదటి రోజే నాలుగు వేలు దాటుతుంది, కాబట్టి ఆ శాతం కాగితం మీదే ఉంటుంది. ఆ 1,500తో సిరొంచ నుంచి ఆలపల్లి దాకా ఉన్న వంద కిలోమీటర్ల రోడ్డు మీద విరిగిన బండి షాకబ్జార్బర్లు మార్పించుకోవచ్చు. మా కుర్రాడి చీటీలో ఆ గడి ఖాళీగానే ఉంది. సేవక్‌కి మూల వేతనమే లేనప్పుడు శాతం దేని మీద కడతారు?

అతని నెల లెక్క నాకు తెలుసు, అద్దె తీసుకునేవాణ్ణి కదా. గదికి 2,500. బడికి వెళ్లిరావడం 48 కిలోమీటర్లు, పెట్రోలు అంతే ఇంకో 2,500. మెస్సుకి 3,000. బండి వాయిదా 2,600. ఇంటికి 4,000, అది ఆగితే ఊళ్లో చెల్లెలి కాలేజీ ఆగుతుంది. మిగిలేది 1,200. అందులోంచే నాకూ ఇస్తాడు, ప్రింట్లకి. బడిలో సిగ్నల్ ఉండదు. మధ్యాహ్న భోజనం ఎంతమంది తిన్నారో ఆ రోజే యాప్‌లో ఎక్కించాలి, యూడైస్ అనే సర్కారు పోర్టల్‌లో పిల్లల వివరాలు నింపాలి, కేంద్ర ప్రముఖ్ (చుట్టుపక్కల బడులు చూసే అధికారి) వాట్సాప్‌లో అడిగిన ఫారాలు పంపాలి. రాత్రి ఎనిమిదింటికి నా కొట్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లలో సగంమంది గురూజీలే. షట్టరు సగం దించాక కూడా "అన్నా, ఒక్క ఐదు నిమిషాలు" అంటారు. ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి వచ్చే గ్రాంటు 10,000. సుద్దముక్కల నుంచి కరెంటు బిల్లు దాకా అందులోంచే. ఆ పది వేలు నా ప్రింట్ల దాకా రావు.

విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం గురూజీకి చదువేతర పని అప్పగించకూడదు, జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప. మనకి ఎన్నికలు లేని ఏడాది ఎప్పుడుంది? గ్రామపంచాయతీ, జెడ్పీ, అసెంబ్లీ, లోక్‌సభ. బీఎల్‌ఓ (పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే మనిషి) పని ఒప్పుకున్న గురూజీ ఏడాది పొడుగునా ఓటర్ల ఇళ్లు తిరుగుతూనే ఉంటాడు. దానికి 2025 దాకా ఏడాదికి 6,000, ఇప్పుడు 12,000 చేశారు. నెలకు వెయ్యి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే ఆ రైతు నన్ను వదలడు. రాని గురూజీలు ఉన్నారు. అహేరిలోనో చంద్రాపూర్‌లోనో కాపురం పెట్టి, బడి ఉన్న ఊళ్లోనే ఉంటున్నట్టు గ్రామసభ తీర్మానం తెచ్చుకుని ఇంటి అద్దె భత్యం తీసుకునేవాళ్లు. ఆ తీర్మానాలు టైపు చేసేది నేనే, నాకు తెలియదా. 2022లో ఒక ఎమ్మెల్యే ఈ సంగతి బయటికి తీసినప్పుడు రాష్ట్రమంతా గురూజీలు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆయన మాట తీరు నాకూ నచ్చలేదు, కానీ అన్నదంతా అబద్ధం కాదు. ఊళ్లో అద్దెకు ఒక్క పక్కా గది దొరకదనేది నిజం, క్వార్టర్లు కట్టలేదనేది నిజం. సోమవారం మధ్యాహ్నం వచ్చి శుక్రవారం పొద్దున పోయేవాళ్లున్నారనేదీ నిజమే. అయితే గమనిస్తే ఒకటి కనబడుతుంది. అట్లా చెయ్యగలిగేది పూర్తి స్కేలు, సంఘం అండ ఉన్నవాళ్లే. మూడేళ్ల సేవక్‌కి ఆ ధైర్యం ఉండదు, రేపు సర్టిఫికెట్ మీద సంతకం ఎవరు పెడతారు? పనికి తక్కువ, భయానికి ఎక్కువ జీతమిచ్చే ఏర్పాటిది.

ఆ రైతు మిరపకాయల మాట ఊరికే అనలేదు. సంక్రాంతి దాటాక మా తాలూకా సగం నది దాటుతుంది, తెలంగాణలో మిరప ఏరడానికి. పిల్లలూ వెంట పోతారు. ఫిబ్రవరిలో మా కుర్రాడి బడిలో తొమ్మిది మంది మిగిలారు. అతను ఆదివారం బండి వేసుకుని వంతెన దాటి, చేల గట్ల మీద గుడారాలు వెతికి, ముగ్గురి తల్లిదండ్రులను ఒప్పించి పిల్లలను అమ్మమ్మల దగ్గరికి చేర్చాడు. పెట్రోలు తనదే. పటసంఖ్య, అంటే బడిలో పిల్లల లెక్క, తగ్గితే బడికే ముప్పు కాబట్టి వెళ్లాడని అనుకోవచ్చు. ఏమనుకున్నా, వెళ్లాడు. ఆ రోజు రోజుకూలి లెక్క వేసుకుంటే, 16,000ని 26తో భాగిస్తే 615. మా వీధి తాపీమేస్త్రి 800 కన్నా తక్కువకి తాపీ ముట్టడు. మేస్త్రికి ఎక్కువిస్తున్నారని నేననడం లేదు. మేస్త్రిని మూడేళ్లు 'గోడ సేవక్' అని పిలిచి సగం కూలి ఇద్దామని ఎవరూ అనరు, అంతే.

"ఆ పదహారు వేలకే వేలమంది క్యూ కడుతున్నారు కదా, ఇంకెందుకు పెంచాలి?" అంటాడు మా బావమరిది, వ్యాపారస్తుడు. 2023 మార్చిలో "ఏకచ్ మిషన్, జునీ పెన్షన్" (ఒకటే లక్ష్యం, పాత పెన్షన్) అంటూ ఉద్యోగులంతా వారం రోజులు సమ్మె చేసినప్పుడు కూడా మా ఊళ్లో నిరుద్యోగ కుర్రాళ్లు ఇదే అన్నారు, సగం జీతానికి మేం చేస్తాం దిగండి అని. వాళ్ల ఆకలి నిజం. కానీ క్యూ పొడుగు చూసి జీతం కట్టేట్టయితే, ఎమ్మెల్యే సీటుకీ క్యూ తక్కువేం లేదు. అయినా ఈ వాదన ఎక్కడికి తీసుకుపోతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. గ్రాంటు లేని ప్రైవేటు బడుల గురూజీలు పదేళ్లు, పదిహేనేళ్లు జీతం లేకుండా చేశారు, ఎప్పటికైనా ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని. గ్రాంటు వచ్చినా విడతలుగా, మొదట 20 శాతం, తర్వాత 40, 60. నూటికి ఇరవై పాళ్ల గురూజీలు! 2025 జులైలో వాళ్లు ముంబయి ఆజాద్ మైదానంలో వానలో కూర్చున్నది తర్వాతి ఇరవై పాళ్ల కోసం. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్ల రైలు టికెట్లు నేనే తీశాను, వెయిటింగ్ లిస్టు.

మా కుర్రాడికి వచ్చే జూన్‌తో మూడేళ్లు నిండుతాయి. స్కేలు వస్తుంది. మొన్న రాత్రి కొట్టు మూసేవేళకి వచ్చి, ఆంతర్‌జిల్లా బదిలీకి ఎన్నేళ్ల సర్వీసు కావాలో చూడమన్నాడు. నేనేమీ అనలేదు. నేనైనా అదే చేస్తాను, ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే ఉంది అతనికి.

చూశాక సంచిలోంచి ఆ నోటుబుక్కు తీశాడు. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది. "దీన్ని రెండు సెట్లు జిరాక్స్ చెయ్యి అన్నా. కొత్తగా ఇద్దరు వచ్చారట, వాగు అవతలి బడికి ఒకడు. సంభాజీనగర్ వైపు వాడు, తెలుగు ముక్క రాదట." నాగరి లిపిలో తెలుగు మాటలు, ఎదురుగా మరాఠీ అర్థం, 96 పేజీలు. అటూ ఇటూ రెండు వైపులా తీశాను. పర్సు తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన, ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టి రాసుకున్నాడు: పాల్ కాదు, బల్లి. పాలు అంటే దూధ్.